ఆరడుగుల ఫిల్ముకు అరువు కళ్లు

ఆమె ముఖం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. 1963 నవంబరు 22 మధ్యాహ్నం, అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీని కాల్చి చంపిన చోట, డాలస్‌లోని డీలీ ప్లాజాలో, ఎల్మ్ వీధికి అవతలి పక్క పచ్చికలో నిలబడి ఉంటుంది. తలకు గుడ్డ కట్టుకొని, రెండు చేతులూ ముఖం దాకా ఎత్తి, కెమెరా లాంటిదేదో పట్టుకొని ఉంటుంది. రష్యన్ ముసలమ్మలు తలగుడ్డ కట్టుకునే తీరు గుర్తొచ్చి పరిశోధకులు ఆమెకు బాబుష్కా లేడీ అని పేరు పెట్టారు. తర్వాత ఒకావిడ అది తానేనని చెప్పుకున్నా చాలామంది నమ్మలేదు. ఆ చేతుల్లో ఉన్నది నిజంగా కెమెరాయే అయితే, అందులోని ఫిల్ము నేటికీ బయటపడలేదు.

పోయిన నెల ఒక రాత్రి నేను ఆమె ముఖం చూశాను.

పాత ఫిల్ములను స్కాన్ చేసి, దుమ్ము దులిపి, గీతలు తీసి డిజిటల్ ఫైళ్లుగా మార్చడం నా పని. ఆ రాత్రి కూర్చున్నది జీతం కోసం కాదు. ఆ హత్యను అబ్రహాం జాప్రూడర్ తన కెమెరాతో తీసిన ఫిల్ములోని కొన్ని ఫ్రేములు ముందేసుకొని, బొమ్మను నాలుగింతలు పెంచి వివరం రాబడతానని చెప్పుకునే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని పరీక్షిస్తున్నాను. పచ్చిక బాగా వచ్చింది. కారు అంచున ఎండ మెరుపు బాగా వచ్చింది. దూరంగా ఉన్న ఆ స్త్రీ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. ఆమె చేతులు కరిగి బుగ్గలయ్యాయి. కెమెరా ఉండాల్సిన చోట ముక్కు, దానికి అటూ ఇటూ రెండు కళ్లు. పెదవి చివర సన్నని నవ్వు కూడా ఉన్నట్టుంది. ఎదురైతే పలకరించాలనిపించే ముఖం. మళ్లీ అసలు ఫ్రేముకు వెళ్లి చూశాను. అక్కడ ఒక లేత మరక, దాని నడుమ ఒక ముదురు మరక. అంతే.

ఆ సాఫ్ట్‌వేర్‌కు లక్షల ముఖాలు చూపించి నేర్పారు. భుజాల పైన, గుడ్డ కింద ఉండేది ముఖమేనని దానికి గట్టి నమ్మకం. కనుక ముఖం పెట్టింది. పిలవని పెళ్లికి వచ్చిన చుట్టంలా ఆ ముఖం అక్కడ హాయిగా కూర్చుంది. నాకు భయం వేసిన సంగతి ఏమిటంటే, ఆ ముఖం బాగుంది. నమ్మేలా ఉంది. అసలు ఫ్రేము పక్కన పెట్టుకొని చూడకపోతే నేనూ నమ్మేవాణ్ణి.

బాగుచేయడం అనే మాటను మా పనిలో చాలా ఉదారంగా వాడతాం. నా మట్టుకు నేను ఒక గీత గీసుకున్నాను: ఫిల్ముకు జరిగింది వేరు, ఫిల్ములో జరిగింది వేరు. గీతలు, వేలిముద్రలు, దుమ్ము, అతుకులు, కుంచించుకుపోవడం, ఇవి ఫిల్ముకు జరిగినవి. వీటిని తీయవచ్చు. ఆ క్షణంలో లెన్సు ముందు ఉన్నదీ, ఆ లెన్సు పట్టలేకపోయినదీ ఫిల్ములో జరిగినవి. వాటి జోలికి పోకూడదు. పట్టలేకపోయినదాని జోలికి అసలే పోకూడదు. చెప్పడానికి సులువుగానే ఉంది. జాప్రూడర్ ఫిల్ము దగ్గర కూర్చుంటే మాత్రం ఈ గీత కాళ్ల కింద కదులుతూనే ఉంటుంది.

ఆ వస్తువు సంగతి కొంచెం చెప్పాలి. జాప్రూడర్ ఆడవాళ్ల దుస్తులు తయారుచేసే వ్యాపారి. ఆఫీసు డీలీ ప్లాజాను ఆనుకొని ఉన్న డాల్-టెక్స్ భవనంలో. ఆ ఉదయం కెమెరా ఇంట్లోనే వదిలి వచ్చాడు. సెక్రటరీ పోరు పెడితే వెనక్కి వెళ్లి తెచ్చుకున్నాడు. బెల్ అండ్ హోవెల్ వారి 414 పీడీ మోడలు, కీ ఇస్తే స్ప్రింగుతో నడిచే కెమెరా. లోపల కోడక్రోమ్ 2 రంగు ఫిల్ము. ఎత్తులో నిలబడితే కళ్లు తిరిగే మనిషి కావడంతో, కాంక్రీటు దిమ్మ ఎక్కినప్పుడు వెనక నుంచి పట్టుకోవడానికి ఆఫీసు రిసెప్షనిస్టు మారిలిన్ సిట్జ్‌మన్ కూడా ఎక్కింది. ముందు వచ్చిన మోటారు సైకిళ్లను కొద్దిసేపు తీసి ఆపాడు. అధ్యక్షుడి కారు మలుపు తిరిగి కనిపించాక మళ్లీ మొదలుపెట్టి, అది వంతెన కిందికి పోయేదాకా వదల్లేదు. మొత్తం 486 ఫ్రేములు, 26 సెకన్ల పైచిలుకు.

ఒక్కొక్క ఫ్రేము అడ్డంగా 5 మిల్లీమీటర్లు కూడా ఉండదు. చిటికెనవేలి గోరు మీద పెడితే గోరింకా మిగులుతుంది. 486 ఫ్రేములనూ బారుగా పరిస్తే ఆరడుగులు, ఒక పొడుగాటి మనిషి పడుకున్నంత. ఈ ఆరడుగుల పట్టీని అమెరికా ప్రభుత్వం తన స్వాధీనం చేసుకున్నప్పుడు, పరిహారం తేల్చడానికి వేసిన మధ్యవర్తుల సంఘం 1999లో కుటుంబానికి 1 కోటి 60 లక్షల డాలర్లు ఇవ్వాలని చెప్పింది. అడుగుకు 26 లక్షల డాలర్ల పైమాటే. కాపీరైటు ఆ లెక్కలో లేదు. దాన్ని కుటుంబం డాలస్‌లోని సిక్స్త్ ఫ్లోర్ మ్యూజియంకు ఉచితంగా ఇచ్చేసింది. అంటే ప్రభుత్వం కొన్నది బొమ్మను కాదు, ఆ ప్లాస్టిక్ పట్టీని. బొమ్మ అప్పటికే ప్రపంచమంతా ఉంది.

ఆ పట్టీకి అంత విలువ ఎందుకంటే దానికి నెగెటివ్ లేదు. ఇలాంటి రంగు ఫిల్ములో, కెమెరాలో నడిచిన పట్టీనే కడిగితే నేరుగా పాజిటివ్ బొమ్మ వస్తుంది. ఆ మధ్యాహ్నపు ఎండ తాకిన రసాయనం ఆ ఒక్క పట్టీ మీదే ఉంది. అదే రోజు డాలస్‌లోని కొడాక్ ల్యాబులో కడిగించి, జేమీసన్ ఫిల్మ్ కంపెనీలో మూడు కాపీలు తీయించారు. రెండు కాపీలు అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీసుకు వెళ్లాయి. అసలు పట్టీ, మిగిలిన కాపీ లైఫ్ పత్రిక చేతికి వచ్చాయి. పత్రిక మొత్తం హక్కులకు ఇచ్చింది లక్షా 50 వేల డాలర్లు. అందులో మొదటి 25 వేలను జాప్రూడర్, అదే రోజు హత్యకు గురైన పోలీసు అధికారి టిప్పిట్ భార్యకు ఇచ్చేశాడు.

ఫిల్ముకు అతి పెద్ద గాయం ఆ తర్వాతే తగిలింది. లైఫ్ ల్యాబులో పట్టీ తెగింది. 208 నుంచి 211 వరకు నాలుగు ఫ్రేములు పోయాయి. 207ను 212కు అతికారు. 155 దగ్గర ఇంకో అతుకు ఉంది. తెగడానికి వేరే చోటే దొరకనట్టు, సరిగ్గా కారు ఒక రోడ్డు బోర్డు వెనక్కి వెళ్లే చోట తెగింది. అధ్యక్షుడికి మొదటి తూటా 210, 225 ఫ్రేముల మధ్య తగిలి ఉండవచ్చని, హత్యను విచారించిన వారెన్ కమిషన్ రాసింది. ఇక చెప్పేదేముంది. ఆ నాలుగు ఫ్రేముల ఖాళీలో ఎన్ని పుస్తకాలు మొలిచాయో లెక్కలేదు. నిజానికి ఆ ఫ్రేములు మొదటి రోజు కాపీల్లో భద్రంగానే ఉన్నాయి. అనుమానానికి ఆ సంగతి పట్టదు.

అచ్చు పొరపాటు ఒకటి ఇంకా విడ్డూరమైనది. వారెన్ కమిషన్ సంపుటంలో 314, 315 ఫ్రేములు తారుమారుగా అచ్చయ్యాయి. 313 తలకు తూటా తగిలిన ఫ్రేము. దాని తర్వాతి రెండు బొమ్మలు అటూ ఇటూ అయితే తల కదిలే దిక్కే మారినట్టు కనిపిస్తుంది. అది అచ్చు తప్పేనని 1965లో ఎఫ్‌బీఐ డైరెక్టర్ హూవర్ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఉన్న రెండు ఫ్రేములు చోటు మారితేనే ఇంత గొడవైంది. లేని ఫ్రేములను పుట్టిస్తే ఏమవుతుందో ఆలోచించండి.

ఇప్పుడు పుట్టిస్తున్నారు. పాత ఫిల్ములన్నిటికీ చేస్తున్నట్టే దీనికీ చేస్తున్నారు. ఎఫ్‌బీఐ పరీక్షల ప్రకారం జాప్రూడర్ కెమెరా సెకనుకు సగటున 18.3 ఫ్రేములు తీసింది. ఇప్పటి తెరలకు అలవాటుపడ్డ కళ్లకు అది కాస్త తడబడుతూ నడిచినట్టుంటుంది. అందుకని సాఫ్ట్‌వేర్ రెండు ఫ్రేముల మధ్య ఇంకొన్ని ఫ్రేములను ఊహించి చొప్పిస్తుంది. సెకనుకు 60 ఫ్రేములతో నీళ్లలా సాగిపోయే వీడియో తయారవుతుంది. అందులో మూడింట రెండు వంతులకు పైగా ఫ్రేములు డాలస్‌లో తీసినవి కావు.

312కు, 313కు మధ్య ఉన్నది సెకనులో పద్దెనిమిదో వంతు. అందులో దాదాపు సగం సేపు షట్టర్ మూసే ఉంది. ఆ చీకట్లో జరిగింది ఏ లెన్సూ చూడలేదు. 312 నుంచి 313కు తల కొద్దిగా ముందుకు కదిలిందనీ, ఆ తర్వాతే వెనక్కి వెళ్లిందనీ కొలిచినవాళ్లున్నారు. ఆ ముందుకు కదలిక నిజమైనదా, 313లో కెమెరా కదిలి బొమ్మ అలుక్కుపోవడం వల్ల వచ్చిన కొలత పొరపాటా అని వాదించినవాళ్లూ ఉన్నారు. తూటా ఎటు నుంచి వచ్చిందనే వాదనలో పెద్ద భాగం ఈ రెండు ఫ్రేముల మీదే నిలబడి ఉంది. అలాంటి చోట యంత్రం రెండు మూడు ఫ్రేములు గీసి పెడుతుంది! వాటిలో తల ఒక చోటి నుంచి ఇంకో చోటికి మెత్తగా, వరుసగా జరుగుతుంది. తూటా తగిలిన తల అలా జరగదు. కానీ రెండు బిందువుల మధ్య సాఫీ దారి గీయడమే దానికి తెలుసు.

ఈ ఫిల్మును మొదటి నుంచీ గడియారంగా వాడారు. హత్యకు వాడారని విచారణ చెప్పిన తుపాకీతో ఒక గుండు పేల్చి మళ్లీ పేల్చడానికి కనీసం 2.3 సెకన్లు పడుతుందని తేల్చారు. అంటే 42 ఫ్రేములు. అధికారిక విచారణలైనా, వాటిని కాదన్నవాళ్లయినా లెక్కపెట్టింది ఫ్రేములనే. సాఫీ చేసిన వీడియోలో ఫ్రేములు లెక్కపెట్టి ఏదో కొత్త సంగతి కనిపెట్టానని సంబరపడే కుర్రాడు ముళ్లను ఎవరో మార్చేసిన గడియారం చూస్తున్నాడు. తప్పు అతనిది కాదు.

నేను ఎక్కువసేపు తన్నుకులాడింది ఫ్రేముల సంగతితో కాదు, వణుకుతో.

పాత ఫిల్ము ఊగడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, పట్టీ కుంచించుకుపోయి, రంధ్రాలు అరిగి, ఫ్రేము నిలిచే గేటులో సరిగ్గా కూర్చోకపోవడం. ఇది ఫిల్ముకు జరిగినది. అంచున ఉన్న రంధ్రాలను ఆధారంగా పెట్టుకొని ప్రతి ఫ్రేమునూ ఒకే చోట నిలబెడితే ఈ ఊగుడు పోతుంది. దాన్ని తీయడానికి నాకు ఏ సంకోచమూ లేదు. రెండోది, కెమెరా పట్టుకున్న చెయ్యి కదలడం. దీన్ని తీయాలంటే రంధ్రాలను వదిలేసి బొమ్మలోని వస్తువులను ఆధారం చేసుకోవాలి. వెనకున్న గోడనో, కారునో మధ్యలో కట్టేసినట్టు నిలిపి, మిగతాదంతా దాని చుట్టూ జరపాలి. కారును నిలబెట్టిన ఆ రూపమే చాలామంది చూసే ఉంటారు. కారు తెర మధ్యలో నిశ్చలంగా ఉంటుంది, లోకం దాని పక్క నుంచి జారిపోతుంది. చూడటానికి అద్భుతం. మొదటిసారి చూసినప్పుడు నేనూ ఊపిరి బిగబట్టాను.

ఆ తర్వాత లూయిస్ అల్వారెజ్ వ్యాసం చదివాను. ఆయన భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినవాడు. 1976లో ఈ ఫిల్ము మీద ఒక భౌతికశాస్త్ర పత్రికలో రాశాడు. కారు మీది మెరుపు చుక్కలు కొన్ని ఫ్రేముల్లో గీతల్లా సాగి ఉండటం ఆయన గమనించాడు. అంటే ఆ ఫ్రేము తీస్తున్నప్పుడు చెయ్యి అదిరింది. పెద్ద శబ్దం వింటే మనిషి కండరాలు తమంతట తాము ఉలిక్కిపడతాయి. శబ్దానికీ ఉలికిపాటుకూ మధ్య సెకనులో చిన్న వంతు ఆలస్యం ఉంటుంది. 313 దాటిన కొద్ది ఫ్రేములకే అలాంటి అదురు ఉంది. మిగతా అదుర్లను వెనక్కి లెక్కవేస్తే మిగతా కాల్పులు ఎప్పుడు జరిగాయో తెలియవచ్చన్నది ఆయన ఆలోచన. తర్వాత అమెరికా ప్రతినిధుల సభ వేసిన విచారణ సంఘం కూడా ఈ దారిలో లెక్కలు వేసింది. ఆ లెక్కలన్నిటితో అందరూ ఏకీభవించలేదు. అదురుకు వేరే కారణాలూ ఉండవచ్చు. అయినా ఒకటి కాదనలేం. శబ్దం లేని ఫిల్ము అది. ఆ రోజు చప్పుడు జాడ ఏదైనా అందులో ఉంటే అది ఆ వణుకులోనే ఉంది.

ఆ వణుకును తీసేసి మనం స్పష్టత అని పేరు పెడుతున్నాం.

ఇంకొక మాట. నేను ఆ రాత్రి రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి నడిపాను. నిశ్చలంగా ఉన్నదాంట్లో ఒక హత్య ఉంది. ఊగుతున్నదాంట్లో ఒక హత్య, దాన్ని చూస్తున్న ఒక మనిషి ఉన్నారు. కళ్లు తిరిగే జబ్బున్న 58 ఏళ్ల వ్యాపారి, వెనక ఒకామె పట్టుకొని ఉండగా, ఎదురుగా తల పగలడం చూస్తూ కూడా బటన్ మీది వేలు తీయలేదు. కారును వెంబడిస్తూనే ఉన్నాడు. కొన్నిచోట్ల కారు ఫ్రేము అడుగంచుకు జారిపోతుంది, మళ్లీ పైకి తెచ్చుకుంటాడు. ఆ తడబాటులో ఆయన కనిపిస్తాడు. కారును మధ్యలో కట్టేసిన రూపంలో కెమెరా ఎవరి చేతిలోనూ లేదు.

దీనికి ఎదురు వాదన ఉంది, చిన్నది కాదు. 1975 మార్చి 6 రాత్రి ఏబీసీ టెలివిజన్‌లో హెరాల్డో రివేరా కార్యక్రమంలో రాబర్ట్ గ్రోడెన్ అనే పరిశోధకుడు ఈ ఫిల్మును చూపించినప్పుడే అమెరికా ప్రజలు తొలిసారి దీన్ని జాతీయ టెలివిజన్‌లో కదిలే బొమ్మగా చూశారు. పన్నెండేళ్ల పాటు అది పత్రిక బీరువాలో ఉంది, లేదా దొంగ కాపీల రూపంలో చేతులు మారింది. గ్రోడెన్ చూపించింది ఫ్రేమును పెంచి, ఊగుడు తగ్గించి, బాగుచేసిన రూపమే. ఆ ప్రసారం లేపిన దుమారం 1976లో ప్రతినిధుల సభ కొత్త విచారణ సంఘం వేయడానికి ఒక కారణమైంది. బాగుచేయడం తప్పని వాదించేవాడికి ఇది గొంతులో వెలక్కాయ. నాకూ అంతే. ఆ రోజు ఆయన ఆ పని చేయకపోతే ప్రశ్న అడిగే హక్కు ప్రజలకు ఇంకా ఆలస్యంగా దక్కేది.

అయితే గ్రోడెన్ వాడిన ఆప్టికల్ ప్రింటర్‌కు, అంటే ఫ్రేములను మళ్లీ ఫొటో తీసే యంత్రానికి, ఊహ లేదు. అది ఉన్న బొమ్మను పెద్దది చేయగలదు, పక్కకు జరపగలదు, మళ్లీ మళ్లీ చూపగలదు. పెద్దది చేస్తే గ్రెయిన్, అంటే ఫిల్ములోని రేణువుల మచ్చ కూడా పెద్దదవుతుంది. చూసేవాడికి తన చూపు ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. ఇప్పటి యంత్రం ఆ గ్రెయిన్‌ను తుడిచేసి దాని చోట చర్మం పెడుతుంది. చూపు ఆగాల్సిన చోట ఆగదు.

గ్రెయిన్‌లో మనుషులను చూడటం ఈ కేసులో పాత జబ్బే. అదే హత్యను వీధికి అవతలి వైపు నుంచి ఓర్విల్ నిక్స్ కూడా తన కెమెరాతో తీశాడు. ఆ ఫిల్ములో, జాప్రూడర్ నిలబడ్డ గట్టు వైపు, తుపాకీ గురిపెట్టిన మనిషి ఉన్నాడని కొందరన్నారు. 1967లో ఐటెక్ కంపెనీ నిపుణులు పరిశీలించి అది మనిషి కాదు, వెనక గోడ మీద పడ్డ ఎండనీడలని తేల్చారు. మేరీ మూర్మన్ తీసిన పొలరాయిడ్ ఫొటోలో చెట్ల నీడల మధ్య బ్యాడ్జీ పెట్టుకున్న పోలీసు కాల్పులు జరుపుతున్నాడని ఇంకొందరు అన్నారు. ఎంతో పెంచితే తప్ప కనిపించని చుక్కలవి. అప్పట్లో ఆ చుక్కలను మనిషిగా మలచాల్సింది చూసేవాడి మనసే. పక్కవాడు తన కళ్లతో చూసి, నాకేం కనిపించలేదని అనగలిగేవాడు. రేపు ఆ నిక్స్ ఫిల్మును నా సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే ఏమవుతుంది? గోడ మీది ఎండకు టోపీ వస్తుంది. టోపీ కింద కళ్లు వస్తాయి. నాకేం కనిపించలేదని అనే అవకాశం పోతుంది, ఎందుకంటే అందరికీ కనిపిస్తుంది.

నిక్స్ ఫిల్ము విషయంలో ఇంకా పెద్ద చిక్కుంది. దాని అసలు పట్టీ ఎక్కడుందో తెలియదు. మిగిలినవి కాపీలే. జాప్రూడర్ ఫిల్ము మీద ఎవరు ఏ వేషం వేసినా, మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో నేషనల్ ఆర్కైవ్స్ చల్లని గదిలో అసలు పట్టీ ఉంది, పోల్చి చూడవచ్చు. నిక్స్ ఫిల్ముకు ఆ ధీమా లేదు. నకలుకు మెరుగులు దిద్దితే ఆ మెరుగులే అసలై కూర్చుంటాయి.

అసలు పట్టీ అనేది ఎలా గుర్తుపట్టారో చెబితే నా మొండితనం కాస్త అర్థమవుతుంది. ఈ ఫిల్ములో రంధ్రాల మధ్య కూడా బొమ్మ ఉంది. లెన్సు నుంచి వచ్చిన కాంతి ఫ్రేము హద్దు దాటి పట్టీ అంచుదాకా పడింది. ప్రొజెక్టర్‌లో వేస్తే ఆ భాగం కనిపించదు. అక్కడ బొమ్మ శుభ్రంగా ఉండదు. ఒక ఫ్రేము మీద ఇంకో ఫ్రేము నీడ పడి ఉంటుంది, పట్టీని లాగే కొక్కెం చోట వెలుగునీడల మచ్చ ఉంటుంది. ఈ ఫిల్మును ప్రభుత్వమో గూఢచారి సంస్థో ల్యాబులో మార్చేసి నకలు పెట్టిందనే వాదన బాగా ముదిరాక, కొడాక్‌లో పనిచేసి రిటైరైన రోలండ్ జవాడా 1998లో దీన్ని పరిశీలించాడు. అదే మోడలు కెమెరాలు తెప్పించి ఫిల్ము తీసి చూశాడు. ఆ మచ్చలు, ఆ నీడలు అలాంటి కెమెరాలో సహజంగా వచ్చేవేనని చూపించాడు. ఇది కెమెరాలో నడిచిన పట్టీయేనని ఆయన తేల్చడానికి పనికొచ్చింది ఆ అశుభ్రమే. చేతికి గుడ్డ దొరికిందని నాలాంటివాడు అంచులు తుడిచి, నీడలు తీసి, ఫ్రేమును చక్కగా కత్తిరించి ఇస్తే, పోయేవి మరకలు కావు, పుట్టుమచ్చలు.

రంగు గురించి రెండు ముక్కలు చాలు. కోడక్రోమ్ చీకట్లో చల్లగా ఉంచితే దశాబ్దాల పాటు రంగు పెద్దగా పోగొట్టుకోదు. జాక్వెలిన్ కెనెడీ గులాబీ రంగు దుస్తులను బాగుచేయాల్సిన పని లేదు. అంతర్జాలంలో తిరిగే చాలా రూపాల్లో ఆ గులాబీ మిఠాయి కాగితంలా మెరుస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక 313. దాన్ని అచ్చు వేయకూడదని జాప్రూడర్ పట్టుబట్టాడు. 1963 నవంబరు 29 సంచికలో లైఫ్ దాన్ని వదిలేసింది. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఒకడు నిలబడి, అధ్యక్షుడి చావు తెర మీద చూడండి రండి అని జనాన్ని కేకలేసి పిలుస్తున్నట్టు తనకు కల వచ్చిందని ఆయన లైఫ్ ప్రతినిధితో చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది కమిషన్ ముందు సాక్ష్యం చెబుతూ ఏడ్చాడు. 1970లో చనిపోయాడు. ఆ ఫ్రేమును దాచాలని నేను అనను. అది చరిత్ర, పరిశోధకుడికి అందాలి, ఉన్నదున్నట్టు అందాలి. కానీ దానికి అదనంగా స్పష్టత ఎందుకు? ఆ ఫ్రేములో ఎర్రని పొగలాంటిది ఉంది. దానికి అంచులు లేవు. సాఫ్ట్‌వేర్ దానికి అంచులు ఇస్తుంది, తునకలు ఇస్తుంది. ఆ తునకలు ఎవరి తలవి? ఆ క్షణంలో కెనెడీ తల నుంచి ఎగిరినవి కావవి. వేరే లక్షల బొమ్మల నుంచి కూడగట్టినవి. టైమ్స్ స్క్వేర్‌లో కేకలేసినవాడు కూడా లేని నెత్తురును అమ్మాలనుకోలేదు.

చూసేవాళ్లకు అది పెంచిన బొమ్మని తెలుసులే అని మా పనివాళ్లు సర్దిచెబుతారు. మొదటిసారి చూసినవాడికి తెలుసేమో. మొదటివాడు పంపగా చూసిన పదోవాడికి తెలియదు. ఫైలుకు జత చేసిన వివరణ మూడో చేతిలోనే రాలిపోతుంది, బొమ్మ మాత్రం వెయ్యి చేతులు తిరుగుతుంది. మొదటి రోజు కాపీలు, వాటి కాపీలు, వాటి దొంగ కాపీలు అంటూ పదేళ్ల పైగా జనం చూసింది మసకబారిన రూపమేననీ, ఇప్పుడు మెరుగైన రూపం చూస్తే తప్పేమిటనీ అడుగుతారు. నిజమే, ఆ మసక కూడా వక్రీకరణే. కానీ మసక చూస్తే ఇది మసక అని ఎవరికైనా తెలుస్తుంది.

మరి నేనేం చేశాను? ఆ కళ్లున్న ఫైలును తీసిపారేశాను. నా కోసం, ఎక్కడా పెట్టకుండా, ఇంకో రూపం తయారుచేసుకున్నాను. రంధ్రాలను పట్టుకొని గేటు ఊగుడు తీశాను. చేతి వణుకు ఉంచాను. కాపీలో చేరిన దుమ్ము, గీతలు తీశాను, అవి బొమ్మలోని వస్తువులను కప్పిన చోట మాత్రం వెనక ఏముందో ఊహించకుండా వదిలేశాను. సెకనుకు 18.3 ఫ్రేములే. అంచుల నీడలు అలాగే ఉన్నాయి. 208 నుంచి 211 దగ్గర కాసేపు ఆగాల్సి వచ్చింది. కాపీ నుంచి ఆ నాలుగు ఫ్రేములు తెచ్చి పెట్టాలా, నల్లగా వదలాలా? పెట్టాను. కానీ రంగు కలపలేదు. కాపీలో కాంట్రాస్టు ఎక్కువ, రంధ్రాల మధ్య బొమ్మ లేదు. అందువల్ల సెకనులో అయిదో వంతు పాటు బొమ్మ అంచు పోయి, ముదురుగా మారి, మళ్లీ మామూలవుతుంది. చిరిగిన చొక్కాకు వేరే రంగు గుడ్డతో మాసిక వేసినట్టు.

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడికి చూపించాను. చివరిదాకా మాట్లాడకుండా చూశాడు. తర్వాత వెనక్కి తిప్పి, రోడ్డు బోర్డు దగ్గర ఆపాడు.

"అన్నా, ఇక్కడ ఒక్కసారి టక్కుమంది. ఫైలు పాడైందా?"

లైఫ్ ల్యాబు సంగతి, కాపీల సంగతి మొదలుపెట్టాను. అతను తల ఊపుతూనే ఒక్కొక్క ఫ్రేమే నొక్కుతూ ముందుకు పోతున్నాడు. 207. 208. 209. అవతలి గట్టున తలగుడ్డ మరక కనిపించేదాకా వెళ్లి తెరకు దగ్గరగా వంగాడు.

"ఈమె ఏం పట్టుకుంది?"